గేటుకు తాళం వేస్తే బాకీ తీరుతుందా?

పూతలపట్టు చుట్టుపక్కల మామిడి సీజను వచ్చిందంటే గుజ్జు ఫ్యాక్టరీల ముందర తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. 2025 సీజనులో ధర కుప్పకూలితే ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, తాము 4 రూపాయలు కలుపుతామనీ ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. రైతు గోడు ఆ మేరకైనా బయటికొచ్చింది. అదే గేటు లోపల కాయలు కడిగి, కోసి, డబ్బాలు మోసే కూలోళ్ల గోడు మాత్రం బయటికి రాదు.

సీజను ముగియగానే "పొండి, వచ్చే ఏడు పిలుస్తాం" అంటారు. కూలి పెంచమని నోరు తెరిచిన వాళ్లను వచ్చే ఏడు పిలవరు. కాగితం ఉండదు, కారణం ఉండదు. పదేండ్ల చాకిరీకి చివరి లెక్క అసలే ఉండదు. ఇది యజమాని దయాదాక్షిణ్యాల సంగతి కాదు, కూలికి రావలసిన బాకీ సంగతి.

పెద్ద సంస్థల్లో మాత్రం ఏం జరిగింది? మన జిల్లా పాడి రైతుల సహకార సంఘమైన చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. దాని 182 కోట్ల బకాయిలు తీర్చామని ఆనాటి ముఖ్యమంత్రి ప్రకటించింది 2023 జూలైలో, ఆ స్థలంలో అమూల్‌కు శంకుస్థాపన చేసిన నాడు. నడుమ ఇరవై యేండ్లు పైగా గడిచాయి. అన్నేండ్లకు అందే రూపాయి పిల్లల చదువుకు పనికొస్తుందా, మందులకు పనికొస్తుందా? ఆలస్యం చెయ్యడమంటే సగం ఎగ్గొట్టడమే!

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. ఇదివరకు వందమంది పనిచేసే ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇప్పుడా లెక్క 300కు పెంచారు. సీజను ఫ్యాక్టరీలకు అప్పుడూ ఇప్పుడూ ఆ అడ్డే లేదు. యజమానులకు ఇంతకంటే ఏం కావాలి?

అయినా అదే చట్టంలో మన చేతికి చిక్కే ఆయుధాలు కొన్ని ఉన్నాయి. పని నుంచి తీసేసినా, తానే మానేసినా, ఫ్యాక్టరీ మూసినా రెండు పనిదినాల్లో కూలి బాకీ మొత్తం చెల్లించాలి. మేస్త్రీ ఎగ్గొడితే అసలు యజమాని ఇచ్చుకోవాలి. కూలి ఇచ్చానని రుజువు చేసుకునే భారం యజమానిదే, కూలివాడిది కాదు. ఏడాది పొడుగునా పనిచేసిన వాళ్లను మనుషులు ఎక్కువయ్యారని తీసేస్తే నెల నోటీసు, సర్వీసు ఏడాదికి 15 రోజుల కూలి పరిహారం ఇవ్వాలి.

గ్రాట్యుటీ వేరే. అయిదేండ్ల సర్వీసు ఉంటే చాలు. సీజను కూలీకి ఒక్కో సీజనుకు 7 రోజుల కూలి చొప్పున కట్టాలి. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో నూటికి 75 రోజులు పనిచేసి ఉంటే ఆ సీజను లెక్కకొస్తుంది. రోజు కూలి 500 అనుకుంటే, ఇరవై సీజన్లు చేసినామెకు 70 వేల రూపాయలు. ఏడాదంతా చేసినవాళ్లకైతే 15 రోజుల లెక్కన లక్షా 50 వేలు. ఈ డబ్బు అడిగి తీసుకున్న కూలోళ్లు మన పల్లెల్లో ఎంతమంది?

సీజను ముగిసి పని ఆగడం తొలగింపు కాదని పంజాబులోని మోరిండా సహకార చక్కెర ఫ్యాక్టరీ కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే సీజను కూలీల రిజిస్టరు పెట్టాలనీ, కొత్త సీజను మొదలవుతూనే చుట్టుపక్కల ప్రకటించి సీనియారిటీ వరుసలో పిలవాలనీ కూడా ఆదేశించింది. మొదటి మాట యజమానులకు కంఠస్థం. రెండో మాట వాళ్లకు గుర్తు చేయవలసింది మనమే.

ఇక గడువు మరువరాదు. అన్యాయంగా తీసేస్తే రెండేండ్ల లోపల కార్మిక శాఖ ముందు వివాదం పెట్టాలి. కూలి బాకీకి మూడేండ్ల గడువు. "రేపు మాపు" అని యజమాని తిప్పేది ఆ గడువు దాటించడానికే.

కనుక ఈ సీజను నుంచే ప్రతి ఊళ్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు, ఏ ఫ్యాక్టరీలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎంత కూలికి, ఏ మేస్త్రీ కింద చేశారో రాయండి. గేట్ పాస్, పి.ఎఫ్. నంబరు దాచుకోండి. ఒక్కరుగా పోతే వాచ్‌మన్ దగ్గరే ఆపేస్తాడు, ఊరుగా పోతే మేనేజరే బయటికొస్తాడు. కాయకు ధర అడిగే రైతు సంఘం, కూలికి లెక్క అడిగే వ్యవసాయ కార్మిక సంఘం ఒకే గేటు ముందర కలిసి నిలబడాలి. ఇద్దరికీ బాకీపడ్డది ఒకే యజమాని గనుక!