సైబర్ రక్షణ: ఢిల్లీ కేంద్రం, శివారు గ్రామం

బెజవాడ బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని పత్రికలో వార్త వచ్చినంత మాత్రాన శివారు చేలో నాట్లు పడవు. కాలువలో గుర్రపుడెక్క తీయాలి, లాకు దగ్గర మనిషుండాలి, లస్కరు గట్టు మీద తిరగాలి, బోదె పూడిక తీయాలి. ఈ సంగతి మన డెల్టా రైతుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. సైబర్ మోసాలను అరికట్టడానికి దేశ రాజధానిలో నెలకొల్పిన కేంద్రాలకు కూడా ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం.

అసలు జాతీయ కేంద్రం ఎందుకు? పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల చేతిలోనిదే గదా, ఆ పని రాష్ట్రాలే చూసుకోవచ్చు గదా అని కొందరంటారు. కాని సైబర్ దొంగకు సరిహద్దులు లేవు. ఫోను చేసేవాడు ఒక దేశంలో ఉంటాడు, సిమ్ కార్డు ఒక రాష్ట్రానిది, డబ్బు పడే ఖాతా మరో రాష్ట్రానిది, దాన్ని ఏటీఎంలో తీసేది ఇంకోచోట. ఉద్యోగాల ఆశ చూపి మన యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ వారిచేతనే ఇటువంటి మోసాలు చేయిస్తున్న ముఠా గుట్టును 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఇంత పొడుగు గొలుసును మండల కేంద్రంలోని సబ్-ఇన్స్పెక్టరు ఒక్కడూ ఎలా పట్టుకోగలడు? సమన్వయం చేసే సంస్థ ఒకటి ఉండి తీరాలి.

ఆ సంస్థ లేకపోలేదు. కంప్యూటర్ వ్యవస్థల మీద జరిగే దాడులను గమనించే సెర్ట్-ఇన్ 2004 నుంచి పనిచేస్తోంది. అటువంటి దాడి జరిగిన 6 గంటల్లోగా తనకు తెలియజేయాలని 2022లో అది ఉత్తర్వు ఇచ్చింది. నేరాల విషయం చూడటానికి హోం శాఖ కింద భారత సైబర్ నేర సమన్వయ కేంద్రం ఏర్పడింది. 2018లో 415 కోట్ల 86 లక్షల రూపాయల అంచనాతో ఈ పథకాన్ని ఆమోదించారు. 2020 జనవరిలో కేంద్రాన్ని ప్రారంభించారు. విశాఖపట్నం, హైదరాబాదు సహా ఏడు చోట్ల దానికి ఉమ్మడి సమన్వయ బృందాలున్నాయి. బ్యాంకులవారు, టెలిఫోన్ కంపెనీలవారు, పోలీసులు ఒకే కప్పు కింద కూర్చుని పనిచేసే విభాగాన్ని 2024 సెప్టెంబరులో ప్రారంభించారు.

1930 నంబరు దీనిదే. మోసపోయిన మనిషి వెంటనే ఫోను చేస్తే ఫిర్యాదు అతని బ్యాంకుకు చేరుతుంది. డబ్బు అప్పటికే మరో బ్యాంకుకు పోయి ఉంటే ఫిర్యాదు కూడా దాని వెంట ఆ బ్యాంకుకు పోతుంది. ఎక్కడ దొరికితే అక్కడ ఆ సొమ్మును నిలిపివేస్తారు. మంచి ఏర్పాటే. కాని దీని ప్రాణమంతా మొదటి గంటలోనే ఉంది. ఆ గంట దాటితే డబ్బు పది చేతులు మారుతుంది.

లెక్కలు చూడండి. ప్రభుత్వం లోక్‌సభకు చెప్పిన ప్రకారం 2024 ఒక్క సంవత్సరంలోనే దేశ ప్రజలు ఈ మోసాలవల్ల పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలు. అంతకు ముందటేడు అది 7,465 కోట్లు. ఇక 2021లో ఈ ఏర్పాటు మొదలైనప్పటి నుంచి 2025 మధ్య వరకు కాపాడగలిగిన మొత్తం సుమారు 5,489 కోట్లు. అంటే నాలుగేళ్లలో కాపాడింది ఒక్క ఏడాది నష్టంలో నాలుగో వంతుకు కూడా రాలేదన్నమాట.

లోపం ఎక్కడుంది? శివారులో ఉంది. పెదపారుపూడి చుట్టుపక్కల ఊళ్లే తీసుకోండి. పిల్లలు అమెరికాలో ఉంటారు, వృద్ధులైన తల్లిదండ్రులు ఇంట్లో ఒంటరిగా ఉంటారు. "మీ అబ్బాయి పేర వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అని వీడియోలో ఖాకీ దుస్తులవాడు గద్దిస్తే ఆ పెద్దాయన ఎవరితో చెప్పుకుంటాడు? మన చట్టాల్లో డిజిటల్ అరెస్టు అనేదే లేదని ఆయనకు ఎవరు చెప్పారు? 1930 అనే నంబరు పంచాయతీ ఆఫీసు గోడ మీదైనా, సొసైటీ బ్యాంకు గోడ మీదైనా రాసి ఉందా?

కాబట్టి పెట్టుబడి అంటే ఢిల్లీలో మరో భవనం, మరో పెద్ద తెర కాకూడదు. ప్రతి మండల పోలీసు స్టేషన్లో ఈ పని నేర్చిన మనిషి ఒకరుండాలి. మన కళాశాలల్లో ప్రయోగశాల ఉండాలి. ఐరోపాలోని 27 దేశాల కూటమి 2021లో చట్టం చేసి, బుకారెస్టులో ఒక కేంద్రాన్ని, దేశదేశానా ఒక సమన్వయ కేంద్రాన్ని పెట్టుకుంది. పరిశోధనకూ చిన్న పరిశ్రమలకూ నిధులు అందేలా చూడటం వాటి పనుల్లో ఒకటి. ఆ పద్ధతి మనకూ కావాలి. ఐదేళ్లలో 5,000 మంది సైబర్ కమాండోలను తయారుచేస్తామని 2024లో ప్రకటించారు. సంతోషమే. కాని ఆ శిక్షణలో కొంతైనా బందరు, గుడివాడ విద్యార్థికి అందాలి గదా!

అధికారంతో పాటు జవాబుదారీతనం కూడా ఉండాలి. దొంగ సొమ్మని తెలియక వంద రూపాయలు తీసుకున్న కిళ్లీకొట్టు యజమాని ఖాతా స్తంభించిపోతే ఆయన రాష్ట్రాలు దాటి ఏ ఆఫీసు చుట్టూ తిరగాలి? దగ్గర్లోనే విని, త్వరగా తేల్చే దిక్కు ఉండాలి.

చివరగా మనవైపు చూసుకుందాం. దొంగలకు కావలసిన ముఖ్యమైన సరుకు బ్యాంకు ఖాతా. ఐదువేలో పదివేలో ఇస్తామని వాళ్లు వెతికేది ముఖ్యంగా విద్యార్థులనే. "ఖాతా ఇస్తే పోయేదేముంది?" అనుకునేవాడు మరో ఊళ్లో ఒక ముసలమ్మ దాచుకున్న సొమ్ము పోవడానికి తాను తలుపు తీస్తున్నాడని గ్రహించడు. రేపు కేసు పడితే ఉద్యోగం, పాస్‌పోర్టు రెండూ పోతాయి.

మిత్రులారా! కాలువ పైనుంచి వచ్చినా బోదె తవ్వుకోవలసింది మనమే. ఈ సంక్రాంతి సెలవుల్లో మన యూనియన్ తరఫున తలా ఒక ఊరు పంచుకుందాం. పెద్దవాళ్ల ఫోన్లలో 1930 నంబరు వేసి, అది ఎందుకో విడమరచి చెబుదాం. నిధులు, శిక్షణ మన జిల్లాకు ఏమాత్రం వచ్చాయో ప్రభుత్వాన్ని అడుగుదాం. అడిగే హక్కు మనకుంది; పనిచేసి అడిగితే ఆ మాటకు బలం ఉంటుంది.