రాతి మిద్దె ఎవరి చరిత్ర?

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్లే దారి వెంట పల్లెల్లో పాత రాతి మిద్దెలు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. చల్లని ఇళ్లు పోతున్నాయని విచారించేవారున్నారు. వాటికి రాయి కొట్టినవారు ఏమయ్యారని అడిగేవారు అరుదు.

ఈ సీమలో కలప తక్కువ, రాయి ఎక్కువ. మట్టి అడుసుతో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటిపై దూలాలు, దంతెలు, ఆపైన చౌడుమట్టి. ఎండ వేడి త్వరగా లోపలికి దిగదు. వానలకు ముందు కొత్త మట్టి పరిస్తే కప్పు కారదు. వెలుతురుకు మిద్దెలో గవాక్షి, వీధివైపు అరుగు. అయితే ఆ అరుగు అందరిదీ కాదు. ఎవరు ఎక్కి కూర్చోవాలో, ఎవరు వీధిలో నిలబడాలో కులమే నిర్ణయించింది. ఊరి నడుమ మిద్దెలు, ఊరి వెలుపల మాల, మాదిగ వాడల్లో కొట్టాలు: పాత గ్రామపటం ఇదే.

బండపై మంటపెట్టి పొరలు లేపినా, ఉలి, సమ్మెటలతో రాయిని చీల్చినా, చెరువుకట్ట పోసినా ఆ శ్రమ ప్రధానంగా వడ్డెరలది. లేపాక్షి ఆలయానికి విరూపణ్ణ పేరు, పెనుకొండ గగన్‌మహల్‌కు విజయనగర రాజుల పేరు నిలిచాయి. రాయి మోసినవారి పేర్లు ఏ శాసనానికీ అక్కరలేకపోయాయి. పైగా వలస పాలకులు వడ్డెరల్లో కొన్ని సమూహాలపై నేరస్థ జాతుల ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. అనుమానం అంత త్వరగా రద్దు కాలేదు.

నేటి ప్రశ్న హిందూపురం పొలిమేరలోనే ఉంది. కొద్ది కిలోమీటర్లు దాటితే కర్ణాటక. అక్కడ భోవి, వడ్డర్ పేర్లతో ఈ సమూహం షెడ్యూల్డు కులాల్లో ఉంది. ఇక్కడ బీసీ-ఏ. అదే రాయి, అదే సమ్మెట. కానీ అక్కడివారు రిజర్వుడు స్థానం నుంచి శాసనసభకు పోటీ చేయగలరు, ఇక్కడివారికి ఆ అవకాశం లేదు. ఒకప్పుడు అటు మైసూరు సంస్థానం, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ. నాటి పాలనా సరిహద్దే నేడు హక్కుల సరిహద్దయింది.

అలాగని జాబితా మార్పే సర్వరోగ నివారిణి కాదు. అంటరానితనం అనుభవించని కులాలు తమ వాటాను తీసుకుంటున్నాయన్నది కర్ణాటక మాదిగల దీర్ఘకాల ఆరోపణ. ఉపవర్గీకరణకు సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న అనుమతించిన తర్వాత ఈ వాదనకు బలం పెరిగింది. ఒక పీడిత సమూహపు న్యాయం మరొకరి వాటాను కుదించి రాకూడదు.

కాబట్టి వడ్డెరలను ఎస్టీ జాబితాలో చేర్చాలన్న పాత డిమాండును ఎన్నికల హామీగా కాక, జీవన స్థితిగతుల అధ్యయనంతో తేల్చాలి. అంతవరకూ ఆగనక్కరలేనిది క్వారీ. యంత్రాలు వచ్చాక పెట్టుబడి ఉన్నవాడికి లీజు, తరతరాల నైపుణ్యం ఉన్నవాడికి కూలి మిగిలాయి. క్వారీ లీజుల్లో వడ్డెర సహకార సంఘాలకు నిజమైన వాటా, పేలుళ్లలో గాయపడిన కార్మికుడికి నష్టపరిహారం కావాలి. రాతి మిద్దెను వారసత్వంగా కాపాడాలనుకుంటే, మొదట గుర్తించవలసిన వారసులు రాయి కొట్టినవారే.