లక్క ముద్ర

పిల్లలూ! 'వెబ్' అనే మాట రోజూ వింటున్నారు గదా? 1989లో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలలో పనిచేస్తూ, టిమ్ బెర్నర్స్-లీ అనే ఆంగ్లేయుడు దీనిని తలపెట్టాడు. ఈ నెల అందులోని ఐదు మాటలు నేర్చుకుందాం.

మీ ఫోనులో ఉండి, కావలసిన పుట పంపమని అడిగేది బ్రౌజరు. ఎక్కడో ఉండి, అడిగిన పుట పంపే కంప్యూటరు సర్వరు. ఆ పుట చిరునామా యూఆర్ఎల్. పుటలో ఏది శీర్షిక, ఏది పేరా, ఏది బొమ్మ అని గుర్తులు పెట్టే భాష హెచ్‌టీఎంఎల్.

ఇక ఐదవది హెచ్‌టీటీపీఎస్. చిరునామా మొదట ఇది ఉంటే, మీరు పంపేది దారిలో ఎవరూ చదవలేని రహస్యలిపిలో పోతుంది. కవరుకు లక్క ముద్ర వేసినట్టన్నమాట. ఉత్తరం దారిలో భద్రమే. కాని దానిని అందుకునేవాడే దొంగ అయితే? ముద్ర ఏం చేయగలదు? మోసగాళ్ళు కూడా ఈ ముద్ర సంపాదించగలరు!

అందుచేత పాస్‌వర్డు వ్రాసే ముందు చిరునామాను అక్షరం అక్షరం చదవండి. 'ఓ' ఉండవలసిన చోట సున్న ఉన్నా సరే, అది మరొకరి గుమ్మం!