మంటలార్పేవారి నెత్తురును పరీక్షించాలి

కలమల్ల పేరు వినగానే క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనం స్ఫురిస్తుంది. అదే ఊరి చెంత రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఇటువంటి కేంద్రాలలో బాయిలర్లను రాజేయడానికి నూనె నిల్వలుంటాయి. నూనె మంటలకు నీరు చాలదు, నురుగు కావాలి. దశాబ్దాలుగా ప్రపంచమంతటా వాడిన ఆ నురుగులో పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలున్నాయి. నెత్తురులో చేరిన వీటిలో కొన్ని సగానికి తగ్గడానికే ఏళ్లు పడుతుంది.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని, 2023లో పీఫాస్‌లలో ఒకటైన పీఎఫ్ఓఏను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

విరుగుడు లేనప్పుడు పరీక్ష దేనికని కొందరు అడుగుతారు. ఆస్ట్రేలియాలో 285 మంది అగ్నిమాపక సిబ్బందిపై జరిపిన అధ్యయనంలో, ఏడాదిపాటు ప్లాస్మా దానం చేసినవారి నెత్తురులో పీఫాస్ గణనీయంగా తగ్గింది. పీఫాస్‌ల మొత్తం మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటినవారిలో థైరాయిడ్, మూత్రపిండాల విషయమై అప్రమత్తంగా ఉండాలని అమెరికా జాతీయ అకాడమీలు 2022లో సూచించాయి. కనుక కొలత నిష్ప్రయోజనం కాదు.

ఏటా పరీక్ష అక్కరలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒకసారి, ఆపైన మూడేళ్లకొకసారి చాలునని నా అభిప్రాయం. ఎవరు ఎన్నిసార్లు నురుగు వాడారో నమోదు చేయాలి. కాంట్రాక్టు కార్మికులను విస్మరించరాదు. శిక్షణలో ఫ్లోరిన్ లేని నురుగునే వాడాలి. మంటలార్పిన దుస్తులను ఇంటికి తీసుకువెళ్లకుండా విధుల స్థలంలోనే ఉతికించాలి.

ప్రమాదవేళ మనం వారికోసం ఫోన్ చేస్తాము. వారి ఆరోగ్యాన్ని అడిగేవారెవరు?