పరిష్కరణమా? ప్రక్షిప్తమా?



పదవీవిరమణానంతరం నాకు రెండు వ్యసనాలు పట్టుకొన్నవి. ఒకటి ఇలా టపాలు వ్రాయడం, రెండవది ఛాయాచిత్రాలు తీయడం. మొదటిదానిని మీరు భరిస్తున్నారు, రెండవదానిని మా ఇంటివారు భరిస్తున్నారు. నేటి టపా ఆ రెండవదానిని గురించి.

సూర్యాపేటకు చేరువలోని పిల్లలమర్రిలో, కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్ల నాటి ఎరకేశ్వరాలయం (1208) ఉన్నదని మీకు తెలిసినదే. అక్కడి మండపాలలో వెలుగు తక్కువ. కెమెరా ఐ.ఎస్.ఓ. పెంచక తప్పదు, పెంచితే బొమ్మనిండా ఇసుక చల్లినట్లు రవ్వలు. ఈ బాధ పడలేకనే నేను కృత్రిమ మేధ ఉపకరణాలను ఆశ్రయించాను. మొదటి రోజున ముచ్చటపడ్డాను కూడా. స్తంభాల నునుపు, శిల్పాల అంచులు కడిగిన ముత్యాల వలె కనిపించినవి.

తరువాత ఒకనాడు, కోదాడ మిత్రునితో కలిసి వెళుతూ ఒక చెరువుకట్ట మీద పడి ఉన్న శాసనపు ముక్కను ఫోటో తీశాను. ఇంటికి వచ్చి ఆ ఉపకరణంతో పదును పెట్టించి, హాయిగా చదువుకొన్నాను. దానవాక్యంలో ‘వెట్టె’ అని ఉన్నది. ‘పెట్టె’ కదా ఉండవలసినది అనుకొన్నాను గాని, గసడదవాదేశం చేత పకారం వకారమైనదని సమాధానపడ్డాను. వ్యాకరణం ఒప్పుకొన్నది కనుక అనుమానం రాలేదు. వారం తరువాత వేరే పనిమీద ముడి ఫైలు తెరిచి చూస్తే, ఆ అక్షరానికి పైన సన్నని ఎడం స్పష్టంగా ఉన్నది. శిల మీద ఉన్నది ‘ప’. ఆ ఎడాన్ని మచ్చ అనుకొని యంత్రం పూడ్చివేసి ‘వ’ చేసినది. తప్పు తప్పుగా కనబడితే దిద్దుకోవచ్చు. ఒప్పువలె కనబడే తప్పును ఎవరు దిద్దగలరు?

ఈ ముడి ఫైలు సంగతి తెలియనివారికి రెండు మాటలు. కెమెరా ఇచ్చే జేపెగ్ వండి వడ్డించిన అన్నం. రా ఫైలు బియ్యం. జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటాయి. అందుకే నీడలో దాగిన అక్షరాన్ని పైకి తేవచ్చు. నేను వాడే డార్క్‌టేబుల్ ఉచితంగా లభిస్తుంది. అందులో మనం చేసే ప్రతి మార్పూ విడిగా నమోదవుతుంది, మూలం చెక్కుచెదరదు. ఎప్పుడైనా వెనుకకు వెళ్ళవచ్చు.

ముడి ఫైలు మాత్రం పరమసత్యమా అని మీరడగవచ్చు. కాదు. సెన్సారులోని ఒక్కొక్క బిందువు ఎరుపు, ఆకుపచ్చ, నీలాలలో ఒక్క రంగునే గ్రహిస్తుంది. తక్కిన రెండింటిని పొరుగు బిందువులను బట్టి లెక్కకట్టవలసినదే. అంటే అక్కడా ఊహ ఉన్నది. అయితే ఆ ఊహకు ఆధారం ఆ చిత్రంలోనే ఉన్నది. కృత్రిమ మేధ ఊహకు ఆధారం అది నేర్చుకొన్న లక్షలాది ఇతర చిత్రాలలో ఉన్నది. నా వాదమంతా ఈ భేదం మీదనే నిలిచి ఉన్నది.

మన పాఠపరిష్కర్తలకు ఈ చిక్కు కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించడానికి అనేక ప్రతులు సేకరించి, పండితుల సాయంతో పాఠాలను సరిపోల్చాడు. పురుగు తిన్న చోట ఏమున్నదో పరిష్కర్త ఊహించవచ్చు, కాని అది తన ఊహ అని గుర్తుపెట్టి చెప్పాలి. చెప్పితే అది పరిష్కరణం. చెప్పక కలిపితే ప్రక్షిప్తం.

సూర్యాపేటలో పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ మాట విని నవ్వాడు. “సార్, ఒక్కో పెళ్ళికి వేల ఫోటోలు. రాత్రి ముహూర్తాలు. ఇది లేకుంటే నా కండ్లు పోతయి” అన్నాడు. అతని మాట కాదనలేను. అడోబీవారు 2023లో లైట్‌రూంలో చేర్చిన డీనాయిజ్ వంటిది రవ్వలను తీసివేసి అతని నడుమునొప్పిని తగ్గిస్తే నాకు సంతోషమే. ఆ పెళ్ళికూతురు రేపు తన ముఖాన్ని అద్దంలో చూచుకొని సరిపోల్చుకోగలదు. శాసనానికి, గతించినవారికి ఆ అవకాశం లేదు.

గతించినవారంటే గుర్తుకు వచ్చినది. మా అమ్మకు ఉన్నది ఒకే ఒక్క ఫోటో. మిర్యాలగూడలోని మా చెల్లెలు గృహప్రవేశానికి దానిని ఒక స్టూడియోలో ఇచ్చి బాగు చేయించినది. గీతలు పోయినవి, రంగులు వచ్చినవి. కండ్లు మెరుస్తున్నవి. గడ్డం మీది పచ్చబొట్టు మాత్రం లేదు. మరకని తుడిచివేసినది యంత్రం. చెల్లెలు చాలాసేపు చూచి, “అన్నా, మంచిగనే ఉన్నది గాని, ఎవరో పెద్దింటామె లెక్క ఉన్నది” అన్నది. మా పిల్లల పిల్లలకు మాత్రం అమ్మమ్మ తల్లి అంటే ఇక ఆ పెద్దింటామెయే. వారు ఏ అద్దంలో సరిపోల్చుకొంటారు?

కనుక నేను పెట్టుకొన్న నియమాలు మూడు. ముడి ఫైలును, పాత ఫోటో అయితే స్కాన్ చేసిన తొలి ప్రతిని, ఎన్నడూ పారవేయరాదు. వెలుగు, రంగు ముందు చేతితో సరిచేసి, యంత్రాన్ని రవ్వలు తీయడానికి మాత్రమే, అదీ తక్కువ మోతాదులో, నకలు మీద వాడాలి. శాసనాలకు, గతించినవారి ముఖాలకు పదును పెట్టించరాదు. పెట్టించితే ఆ మాట చిత్రం కిందనే వ్రాయాలి. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీవారు కూడా తుది పరిశీలనకు వచ్చిన చిత్రాలకు ముడి ఫైళ్ళు చూపమంటారు. తాళపత్రం చూపమని అడిగే మన పాత అలవాటే అది.

మా చెల్లెలు ఇప్పుడు గోడకు గీతలు పడిన పాత ఫోటోనే తగిలించినది. కొత్తది బీరువాలో ఉన్నది.

మీ ఇండ్లలోని పాత ఫోటోలను బాగు చేయించేముందు ఒక్కమారు ఆలోచించగలరు. సాంకేతికాంశాలలో నేను పొరబడి ఉంటే తెలిసినవారు సరిదిద్ద ప్రార్థన.

స్వస్తి.