ఫార్వర్డ్ అయిన ఒక్క మాట... విడిపోయిన రెండు దేశాలు

చాట్ యాప్‌లలో చిన్న తాళం గుర్తు చూసే ఉంటారు. మీ మెసేజ్‌ని మీరూ, అందుకున్నవాళ్లూ తప్ప దారిలో ఇంకెవరూ చదవలేరని దానర్థం. బాగుంది. కానీ ఆ తాళం చేయలేని పని ఒకటుంది. అందుకున్నవాడు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి మూడోవాడికి పంపితే, అది ఏమీ చేయలేదు.

ఈ సమస్య స్మార్ట్‌ఫోన్‌తో పుట్టింది కాదు. 260 ఏళ్ల కిందట యూరప్‌లో ఇలాంటి 'ఫార్వర్డ్' ఒకటి రెండు దేశాల స్నేహాన్ని ముంచేసింది. ఆ దేశాలు బ్రిటన్, ప్రష్యా. అప్పటికి రెండూ ఒకే జట్టులో, ఒకే యుద్ధం చేస్తున్నాయి.

ఎవరు ఎవరి వైపు?

1756లో మొదలై 1763లో ముగిసిన ఏడేళ్ల యుద్ధం ఇది. ఒక వైపు ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్, ఆయనకి తోడుగా బ్రిటన్. ఎదురుగా ఆస్ట్రియా, ఫ్రాన్స్, రష్యా. ప్రష్యా అంటే బెర్లిన్ రాజధానిగా ఉన్న ఒక మోస్తరు రాజ్యం. దాని మీదకి మూడు పెద్ద రాజ్యాలు కలిసి వచ్చాయన్నమాట.

1758 ఏప్రిల్‌లో బ్రిటన్, ప్రష్యా ఒక ఒప్పందం రాసుకున్నాయి. అందులో రెండు ముఖ్యమైన షరతులు. ఒకటి, బ్రిటన్ ప్రష్యాకి ఏడాదికి 6,70,000 పౌండ్లు ఇవ్వాలి. రెండు, ఒకరికి చెప్పకుండా ఇంకొకరు శత్రువుతో సంధి చేసుకోకూడదు. డబ్బు ఒప్పందాన్ని ఏటా కొత్తగా రాసుకునేవారు. 1760 దాకా ఏ గొడవా లేకుండా నడిచింది.

ఈ యుద్ధం యూరప్‌లోనే ఆగలేదు. పిఠాపురం దగ్గర చందుర్తిలో 1758 డిసెంబరులో ఇంగ్లిషు, ఫ్రెంచి సేనలు తలపడ్డాయి. ఇంగ్లిషు వాళ్ల పక్షాన విజయనగరం ఆనంద గజపతి రాజు ఉన్నారు. ఆ తర్వాత 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లిషు వాళ్ల చేతికి పోయింది. అదంతా ఈ యుద్ధంలో ఒక ముక్కే.

ఉత్తరానికి తాళం

అప్పట్లో రాజులు నేరుగా మాట్లాడుకోవడం అరుదు. అంతా రాయబారుల మీదే. లండన్‌లో ప్రష్యా తరఫున ఇద్దరు: క్నిప్‌హౌసెన్, మిషెల్. ప్రష్యాలో బ్రిటన్ తరఫున మిచెల్. మిషెల్, మిచెల్... పేర్లు కలిసిపోతాయి, జాగ్రత్త! ఈ మిచెల్ ఆఫీసులో కూర్చునే రకం కాదు. ఫ్రెడరిక్ వెంట యుద్ధరంగాలకి కూడా వెళ్లాడు.

రాయబారి తను విన్నదీ చూసిందీ రాసి, రహస్యమైన భాగాల్ని అంకెల్లోకి మార్చేవాడు. కోడ్ పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో ఒక్కో పదానికి, ఒక్కో అక్షరం గుంపుకి ఒక్కో అంకె. అలాంటిదే ఇంకో పుస్తకం అవతల రాజధానిలో ఉంటుంది. ఉత్తరం మడిచి, లక్కముద్ర వేసి టపాలో పంపేవారు. అంటే ఎన్‌క్రిప్షన్ అప్పుడే ఉంది.

హ్యాకర్లూ అప్పుడే ఉన్నారు. పైగా సర్కారు జీతం మీద. లండన్ పోస్టాఫీసులో విదేశీ ఉత్తరాల్ని చాటుగా తెరిచి, కాపీ రాసుకుని, ముద్ర మళ్లీ అతికించి పంపేసే విభాగం ఉండేది. కోడ్ విప్పే పనికి పెద్ద ఎడ్వర్డ్ విల్స్ అనే మతగురువు. 1740లలో బిషప్ అయ్యాక కూడా ఆయన ఆ పని మానలేదు, కొడుకుల్ని కూడా అందులోకే దించాడు. వియన్నాలో ఆస్ట్రియా వాళ్ల విభాగానికి ఇంకా పెద్ద పేరు.

ఫ్రెడరిక్ కూడా తక్కువ తినలేదు. యుద్ధానికి ముందు డ్రెస్డెన్‌లో మెంజెల్ అనే గుమాస్తాకి లంచమిచ్చి, సాక్సనీ ప్రభుత్వ ఉత్తరాల కాపీలు తెప్పించుకున్నాడు. 1756లో సాక్సనీ మీద దాడి చేశాక, "చూశారా, నా మీద కుట్ర జరిగింది" అంటూ ఆ కాగితాల్నే అచ్చేయించాడు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఈ దొంగచదువు శత్రువులకే పరిమితం కాదు. మిత్రుల ఉత్తరాలూ తెరిచేవారు.

లేటెన్సీ అంటే ఇది

మనకి వీడియో రెండు సెకన్లు ఆగితే చిరాకు. 1762 జనవరి 5న రష్యా మహారాణి ఎలిజబెత్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చనిపోతే, బ్రెస్లావ్‌లో ఉన్న ఫ్రెడరిక్‌కి ఆ కబురు అందడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. ఆయనకి అంతకంటే ముఖ్యమైన వార్త ఆ ఏడాది ఇంకోటి లేదు. అయినా అంతే.

సముద్రం దాటాలంటే ఇంకా నయం... నెలలు! 1763 ఫిబ్రవరిలో పారిస్ సంధి మీద సంతకాలయ్యాయి. దక్కనుకి న్యాయమైన సుబేదారు సలాబత్ జంగ్ అని ఇంగ్లిషు, ఫ్రెంచి వాళ్లు అందులో ఒప్పుకున్నారు. కానీ సలాబత్ జంగ్‌ని తమ్ముడు నిజాం అలీ 1762లోనే గద్దె దింపి బీదర్‌లో బంధించేశాడు. హైదరాబాద్ గద్దె మీద ఒకరుంటే పారిస్ కాగితం మీద ఇంకొకరు. కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే, పాత క్యాష్ చూసి సంతకం పెట్టేశారు.

ఇలాంటి ప్రపంచంలో ఒక అనుమానం పుడితే, "నువ్వు నిజంగా అలా అన్నావా?" అని అడిగి జవాబు తెలుసుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో అనుమానం ఊరుకోదు కదా, పెరుగుతుంది.

1762: ఇద్దరికీ ఇబ్బందే

1761 చివరికి ఫ్రెడరిక్ పీకల్లోతు కష్టాల్లో ఉన్నాడు. అక్టోబరులో ష్వైడ్నిట్స్ కోట ఆస్ట్రియాకి పోయింది. డిసెంబరులో కోల్‌బెర్గ్ రేవు రష్యాకి పోయింది. ఖజానా ఖాళీ. బ్రిటన్ డబ్బు రాకపోతే కొత్త ఏడాదిలో సైన్యాన్ని నడపడం గగనం.

లండన్‌లో కూడా పాత మనుషులు లేరు. ఫ్రెడరిక్‌ని గట్టిగా సమర్థించిన మంత్రి విలియం పిట్ 1761 అక్టోబరులో రాజీనామా చేశాడు. యువరాజు మూడో జార్జ్ రాజై ఏడాది దాటింది. ఆయనకి గురువులాంటి లార్డ్ బ్యూట్ ఇప్పుడు విదేశీ వ్యవహారాలు చూస్తున్నాడు. అప్పు కొండలా పెరుగుతోంది. పైగా 1762 జనవరిలో స్పెయిన్‌తో కొత్త యుద్ధం. బ్యూట్‌కి కావాల్సింది ఒక్కటే, సంధి. "డబ్బు ఇస్తాం సరే, ఈ యుద్ధం ముగించడానికి నీ ప్లాన్ ఏంటి?" అని ఫ్రెడరిక్‌ని అడిగాడు. ఫ్రెడరిక్ సూటిగా జవాబివ్వలేదు.

ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. ప్రాణం మీదకి వచ్చినవాడికి షరతులు వింటే మండుతుంది. డబ్బు కట్టేవాడికి లెక్క అడిగే హక్కు ఉంటుంది.

ఆ సంభాషణ

ఎలిజబెత్ తర్వాత రష్యా గద్దె ఎక్కినవాడు మూడో పీటర్. అతనికి ఫ్రెడరిక్ అంటే వీరాభిమానం. యుద్ధంలో శత్రువైనా సరే! ఈ మార్పు ఎంత పెద్దదో లండన్‌లో ఇంకా ఎవరికీ పూర్తిగా అంతుపట్టలేదు.

అదే సమయంలో బ్యూట్, లండన్‌లోని రష్యా రాయబారి గొలిత్సిన్‌తో మాట్లాడాడు. ఆ మాటల్ని గొలిత్సిన్ రాసి తన రాజధానికి పంపాడు. దాని సారాంశం ఇది: రష్యా తొందరపడి సైన్యాన్ని వెనక్కి తీసుకోవాలని బ్రిటన్ కోరుకోవడం లేదు, ఒత్తిడి ఉంటేనే ఫ్రెడరిక్ కొంత భూభాగం వదులుకుని సంధికి వస్తాడు.

రష్యా అప్పటికి ప్రష్యాకి శత్రువు. అంటే ఈ నివేదిక ప్రకారం, మిత్రుడి మీద ఒత్తిడి తగ్గించొద్దని బ్రిటన్ శత్రువుకి చెబుతోంది!

మామూలు రోజుల్లో ఆ ఉత్తరం రష్యా విదేశాంగ శాఖ అలమరాలో పడుండేది. కానీ దాన్ని అందుకున్నది మూడో పీటర్. అభిమాన హీరో గురించి ఎవరో చెడుగా మాట్లాడారు, సాక్ష్యం చేతిలో ఉంది. ఇంకేముంది? దాన్ని ఫ్రెడరిక్‌కి చేరవేశాడు. కొన్ని వారాల్లోనే అది ఫ్రెడరిక్ కళ్ల ముందు ఉంది.

గమనించారా? ఇక్కడ ఏ కోడూ బద్దలవలేదు. ఏ లక్కముద్రా ఊడలేదు. ఉత్తరం ఎవరికి చేరాలో వాళ్లకే భద్రంగా చేరింది. అక్కడి నుంచే బయటికి వచ్చింది.

బ్యూట్ "నేను అలా అనలేదు" అన్నాడు. గొలిత్సిన్ మాటల్ని మార్చాడా, బ్యూట్ మాట జారాడా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ గదిలో రికార్డర్ లేదు. రాతలో మిగిలింది ఒక్క పక్షం జ్ఞాపకమే. ఫ్రెడరిక్ మాత్రం దాన్నే నమ్మాడు. చెప్పుడు మాటలు చేటు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

నమ్మడానికి ఆయనకి ఇంకో కారణం కూడా ఉంది. అదే రోజుల్లో బ్యూట్, ది హేగ్‌లోని తన రాయబారి జోసెఫ్ యార్క్ ద్వారా ఆస్ట్రియా మనసు ఎలా ఉందో చాటుగా కదిపి చూశాడు. ఫ్రెడరిక్‌కి చెప్పలేదు. ఆస్ట్రియా పట్టించుకోలేదు గానీ, విషయం ఫ్రెడరిక్ చెవిన పడింది. ఒక అనుమానానికి ఇంకోటి తోడైంది.

అవతలి బల్ల మీద

ఇక నాణేనికి రెండో వైపు. ఫ్రెడరిక్‌కీ, లండన్‌లోని ఆయన దూతలకీ మధ్య నడిచే ఉత్తరాల్ని బ్రిటన్ తెరిచి చదువుతోంది. బ్యూట్ మీద లండన్‌లో వ్యతిరేకత రాజేయమని ఫ్రెడరిక్ రాసిన మాటలు చివరికి చేరింది ఎక్కడికో తెలుసా? బ్యూట్ బల్ల మీదకే.

ఇప్పుడు బ్యూట్ వైపు నుంచి చూడండి. "నా డబ్బు కావాలి. నా ప్రశ్నకి జవాబు మాత్రం ఇవ్వడు. పైగా నా కుర్చీ కిందే మంట పెట్టమంటున్నాడు." దానికి తోడు పీటర్‌తో ఫ్రెడరిక్ నడుపుతున్న బేరం వివరాలు లండన్‌కి సరిగ్గా చెప్పలేదు. పీటర్ డెన్మార్క్ మీద యుద్ధానికి సిద్ధమవుతున్నాడు. ఉన్న యుద్ధం ఆపాలని చూస్తున్న బ్యూట్‌కి ఇది ఇంకో తలనొప్పి.

కానీ ఇక్కడ చిక్కేంటంటే, దొంగతనంగా చదివిన ఉత్తరం గురించి బహిరంగంగా నిలదీయలేం. నిలదీస్తే చదువుతున్న సంగతి బయటపడుతుంది. కాబట్టి కోపం లోపలే ఉడుకుతుంది, బయటికి మాత్రం మర్యాద మాటలే.

లెక్క తేలింది

1762 ఏప్రిల్ చివరికి లండన్ మంత్రివర్గం ప్రష్యాకి డబ్బు ఇవ్వకూడదనే నిర్ణయానికి వచ్చింది. ఆ ఏడాది సొమ్ము అందలేదు. అదే మే 5న రష్యా ప్రష్యాతో సంధి చేసుకుని, గెలుచుకున్న తూర్పు ప్రష్యాని తిరిగి ఇచ్చేసింది. మిత్రుడు చేయి వదిలేసిన వారంలోనే శత్రువు చేయి అందించాడు! జులైలో పీటర్‌ని భార్య కేథరిన్ గద్దె దింపినా, సంధిని మాత్రం రద్దు చేయలేదు. 1763 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌తో బ్రిటన్, ఆస్ట్రియాతో ప్రష్యా వేర్వేరుగా సంధులు చేసుకున్నాయి.

ఫ్రెడరిక్ బతికి బట్టకట్టాడు. కానీ మర్చిపోలేదు. 1764లో ఆయన పొత్తు పెట్టుకున్నది రష్యాతో. 1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి పోలెండ్‌లో తలా ఒక ముక్క కోసుకున్నాయి. ఆ లెక్కల్లో బ్రిటన్ మాట వినేవాళ్లు లేరు. 1775లో అమెరికా వలసలు తిరగబడినప్పుడు, తర్వాత ఫ్రాన్స్, స్పెయిన్ వాటికి తోడొచ్చినప్పుడు, యూరప్‌లో బ్రిటన్ పక్కన నిలబడిన పెద్ద రాజ్యం ఒక్కటీ లేదు.

దీనికంతటికీ ఒక్క గొలిత్సిన్ ఉత్తరమే కారణం అనను. ఇద్దరి అవసరాలు అప్పటికే వేరయ్యాయి. అది రాకపోయినా ఏదో ఒకనాడు విడిపోయేవాళ్లేమో. కానీ అవసరం తీరిన దోస్తులు ఎలా విడిపోతారన్నది కూడా ముఖ్యమే. మర్యాదగా విడిపోయినవాళ్లు రేపు మళ్లీ కలవొచ్చు. "నా వెనక ఇలా అన్నాడు" అనే కాగితం చేతిలో పట్టుకుని విడిపోయినవాళ్లు కలవరు.

నాకు ఈ కథలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటుంది. సమాచారం తక్కువై వీళ్లు విడిపోలేదు. బ్యూట్ దగ్గర ఫ్రెడరిక్ ఉత్తరాలున్నాయి. ఫ్రెడరిక్ దగ్గర బ్యూట్ మాటల నివేదిక ఉంది. ఇద్దరికీ అవతలివాడి గురించి కావాల్సినదానికంటే ఎక్కువే తెలుసు. కానీ అదంతా పక్కదారిన వచ్చిన సరుకు. మోసుకొచ్చిన ప్రతివాడికీ ఏదో ఒక లెక్క ఉంది. గొలిత్సిన్‌కి తన రాజధానిని మెప్పించాలి. పీటర్‌కి తన హీరో దగ్గర మార్కులు కొట్టాలి.

కాబట్టి ఈసారి ఎవరైనా "నీ గురించి ఏమన్నాడో చూడు" అంటూ స్క్రీన్‌షాట్ పంపితే, అందులో ఏముందో చదవండి, తప్పులేదు. కానీ పంపినవాడికి దాంతో ఏం పని అని కూడా అడగండి. ఆ తర్వాత అసలు మనిషికి నేరుగా ఫోన్ చేయండి. బ్యూట్‌కి, ఫ్రెడరిక్‌కి జవాబు రావడానికి వారాలు పట్టేది. మనకి రెండు రింగులు చాలు.