ఏకాకి శాస్త్రజ్ఞులు – మన ధర్మము

మన దేశమున తపస్సునకు గౌరవమెక్కువ. అడవిలో నొంటరిగా కూర్చున్న మునికి మ్రొక్కుట మనకు తరతరముల యలవాటు. ఆ యలవాటు చేతనే కాబోలు, ఏ విద్యాలయమును, ఏ ప్రభుత్వమును చేయూత నీయకున్నను దీక్ష విడువక శాస్త్రాన్వేషణము సాగించిన మహనీయుల కథలు వినినపుడు మనము చేతులు జోడించి యూరకుందుము. జోడించుట మంచిదే. కాని యా చేతులు వారు జీవించియుండగా నేల చాపబడలేదను ప్రశ్న మనలను మనము వేసికొనవలసియున్నది.

మన పొరుగున నున్న ఓఢ్రదేశమున ఖండపడా సంస్థానమందు 1835లో జన్మించిన సామంత చంద్రశేఖరుని చరిత్ర చూడుడు. ప్రజలాయనను పఠాణీ సామంతుడందురు. రాజబంధువయ్యు కలిమి లేనివాడు, ఆంగ్లవిద్య యెరుగనివాడు. పంచాంగము చెప్పిన చోట గ్రహములు కానరాకుండుట చిన్ననాడే గుర్తించి, తప్పు ఆకాశమునది కాదు, గణితమునదని నిశ్చయించుకొనెను. వెదురు గొట్టములతోను, కర్రలతోను తానే సాధనములు కల్పించుకొని, యేండ్ల తరబడి రాత్రులు మేల్కొని గ్రహగతులు గుణించెను. ఆ ఫలితములను ‘సిద్ధాంత దర్పణ’మను సంస్కృత గ్రంథముగా తాటాకులపై ఒరియా లిపిలో వ్రాసెను. 1869 ప్రాంతమున ముగిసిన యా గ్రంథము అచ్చుమొగము చూచినది 1899లో! కటకమునందలి రేవెన్‌షా కళాశాల యుపాధ్యాయుడు యోగేశచంద్ర రాయ్ పూనుకొని, ఆంగ్ల పీఠిక వ్రాసి ప్రకటించెను. ఇంగ్లండునందలి ‘నేచర్’ పత్రిక వెంటనే దానిని సమీక్షించినది. అప్పటికి గ్రంథకర్తకు మిగిలిన యాయువు అయిదేండ్లు మాత్రమే.

ఇంతకంటె విచారకరమైన సంగతి యొకటి కలదు. గ్రహములు సూర్యుని చుట్టును, సూర్యుడు వానితో గూడ భూమి చుట్టును తిరుగునని యాయన నిర్ణయించెను. ఇట్టి మతమునే డెన్మార్కు దేశీయుడగు టైకో బ్రాహీ 16వ శతాబ్దమున ప్రతిపాదించియుండెను. అయితే టైకోకు రాజాశ్రయమున్నది, హ్వేన్ ద్వీపమున వేధశాల యున్నది, శిష్యబృందమున్నది. ఆయన కూర్చిన లెక్కలను కెప్లరు చేపట్టి, గ్రహకక్ష్యల నిజస్వరూపమును 1609లో లోకమునకు వెల్లడించెను. టైకో పొరపాటును టైకో లెక్కలే దిద్దినవి. చంద్రశేఖరునకు కెప్లరు దొరకలేదు. వాదించు సహాధ్యాయులు, పరీక్షించుటకు యంత్రములు, తాళపత్రముల కెక్కినదానిని ముందునకు గొనిపోవు శిష్యులు లభింపలేదు. ఏకాంతము ఆయన కన్నును వాడి చేసినది. ఆయన కృషిని మాత్రము కుంటుపరచినది.

దీనికి బదులుగా వంగదేశపు రాధాగోవింద చంద్రుని గైకొనుడు. 1878లో జెస్సోరు ప్రాంతమున పుట్టి, ప్రవేశపరీక్షలో మూడుమారులు తప్పి, ఖజానా కచేరిలో నాణెములు పరీక్షించు చిన్న కొలువున కుదిరెను. 1912లో మూడంగుళముల దూరదర్శిని కొనెను. వెలుగు హెచ్చుతగ్గులగు నక్షత్రములను రాత్రులందు పరిశీలించి, లెక్కలను అమెరికాలోని యట్టి పరిశీలకుల సంఘమునకు పంపుచుండెను. ఆ సంఘమువా రాయన పట్టముల నడుగలేదు; లెక్కలను చూచిరి. 1926లో ఆరంగుళముల దూరదర్శిని నొకదానిని సముద్రములు దాటించి యాయన కంపిరి. 1954 వరకు ఆయన పంపిన పరిశీలనములు 37,000 దాటినవి. హైదరాబాదు నిజామియా వేధశాల నీడలో పెరిగిన వేణు బాప్పు చేతికి ఆ దూరదర్శినియే తరువాత వచ్చి, కావలూరు వేధశాలకు చేరినది. గుమాస్తా శ్రమ నశింపలేదు. ఒక చేయి నుండి మరియొక చేతికి సాగినది.

మన విశాఖపట్టణమునందును 1840లో గొడే వెంకట జగ్గారావుగారు స్వంత ధనముతో వేధశాల నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరులో సూర్యబింబముపై శుక్రుడు నడచుటను అచ్చటనే పరిశీలించి, లండనులోని ఖగోళ సంఘమునకు నివేదించిరి. నేడా వేధశాల లేదు. ఊరివారిలో నెందరికి దాని పేరైన తెలియును?

ఏకాకి యైనంత మాత్రమున శాస్త్రజ్ఞుడు కాడని మాకు తెలియకపోలేదు. ఇంధనము లేకయే నిరంతరము తిరుగు యంత్రము కనుగొంటినని చెప్పుకొనువాడును ఏకాకియే. అట్టివారిపై ప్రజాధనము వ్యయమగునని కొందరు శంకింతురు. నిజమైన పరీక్షయే యీ శంకకు సమాధానము. మేము కోరునది యుద్యోగము కాదు, జీతము కాదు. తలుపు తట్టినవాని లెక్కను చూచు న్యాయము. సాక్ష్యము వినకయే వ్యాజ్యమును కొట్టివేయుట యే న్యాయస్థానమునందును ధర్మము గాదు.

నేడు తలుపు లెట్లున్నవి? ‘ఒకే దేశము – ఒకే చందా’ యను పథకమును కేంద్ర ప్రభుత్వము 2024 నవంబరులో నామోదించినది. మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు. దాదాపు 13,000 పత్రికలు. మెచ్చదగిన కార్యమే. కాని 2025 జనవరిలో తెరవబడిన యీ భాండారము ప్రభుత్వ విద్యాలయములలోను, పరిశోధనాలయములలోను ఉన్నవారి కొరకు తెరవబడినది. పగలు బడిలో పాఠము చెప్పి, రాత్రి లెక్కలు చేయు పల్లెటూరి పంతులునకు తాళము తాళముగనే యున్నది. ధనము ప్రజలది గదా!

ఈ తాళమునకు చెవి మన చెంతనే కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార మహాసభ జరిపిన జాతి మనది. 1960 నాటి చట్టము మేరకు ఇంటిపన్నుతో బాటు గ్రంథాలయపు పన్ను చెల్లించుచున్న జాతి మనది. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయమునందును ఈ పత్రికలు ఎల్లవారికి చదువ దొరకవలెనని పఠనాలయ సభ్యులు తీర్మానములు చేసి ప్రభుత్వమునకు పంపవలెను. పట్టణమునందలి కళాశాలలు వారమున కొక్క సాయంకాలమైన తమ ప్రయోగశాలలను బయటివారికి తెరువవలెను. ఊర నెవడైన నేండ్ల తరబడి వానలెక్కయో, పక్షుల రాకపోకలో, నక్షత్రముల వెలుగో వ్రాసికొనుచుండెనేని, ఆ పుస్తకములను గ్రంథాలయము భద్రపరచవలెను, తెలిసినవారిచే పరీక్షింపజేయవలెను.

చనిపోయిన శాస్త్రజ్ఞునకు విగ్రహము నిలుపుట సులభము. బ్రదికియున్నవానికి ఒక కుర్చీయు, ఒక దీపమును, లెక్కను చూచి తప్పొప్పులు చెప్పు ఒక మిత్రునిని సమకూర్చుట మన ధర్మము. ఆ ధర్మమును నెరవేర్చిననాడే వారి దీక్షను కొనియాడుటకు మనకధికారము కలుగును.